కొత్త గిటార్‌కి బ్రిడ్జి లేచింది

గిటార్ కొన్న అయిదో వారంలో, పైఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) దగ్గర తీగలు నొక్కుతుంటే వేళ్లు నొప్పెట్టడం మొదలైంది. ఇంకా అలవాటు పడలేదేమో అనుకున్నాను. మర్నాడు స్కేలు పెట్టి చూస్తే పన్నెండో ఫ్రెట్ మీద లావు తీగ 4 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది. రెండున్నర దగ్గర ఉంటే చేతికి హాయి.

టార్చి వేసి చూశాను. తీగలు కట్టే బ్రిడ్జి వెనక అంచు కింద వెంట్రుకంత నల్లటి గీత కనబడింది. కిరాణా బిల్లు మడిచి అందులోకి తోస్తే చిటికెన వేలి గోరంత లోపలికి వెళ్లింది. గుండె జారిపోయింది. ఏడాది పాటు నెలనెలా దాచుకున్న డబ్బుతో కొన్నాను మరి.

"ఫెవిక్విక్ వేస్తే అతుక్కోదాండీ?" అంది మా ఆవిడ. నిజానికి ట్యూబు చేతిలోకి తీసుకున్నాను కూడా. వెయ్యకపోవడమే మంచిదైంది. అది పైపైన పట్టి మళ్లీ ఊడుతుంది, గట్టిపడ్డ ఆ పొరంతా గోకితే గానీ చెక్కకి వేరే జిగురు పట్టదు. ఆ రాత్రి చేసిన సరైన పని ఒక్కటే, ఆరు తీగలూ వదులు చేశాను. 12 గేజ్ (గేజ్ అంటే తీగ మందం) తీగలు శృతిలో ఉంటే అన్నీ కలిసి 70 కిలోలకు పైగా లాగుతాయి. అంచు లేచిన బ్రిడ్జిని ఆ బరువుకి వదిలేస్తే పైచెక్క పీచుతో సహా ఊడొస్తుంది.

షాపులో ముందు "చెన్నై ఉక్కకి చెక్క ఉబ్బుతుంది సార్, మామూలే" అన్నారు. అందులో సగం నిజం. గాలిలో తేమకి బ్రిడ్జి వెనక పైచెక్క కాస్త ఉబ్బడం ఉంది. కానీ ఉబ్బు వేరు, సందు వేరు. వాళ్ల ముందే కాగితం దూర్చి చూపించాను. ఎండలో కారులో వదిలేశారా అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే, ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది. నేను ఎప్పుడూ వదల్లేదు. అదే మోడల్ మరొకటి లేదన్నారు, చివరికి ఖర్చు తామే పెట్టుకుని రిపేరు చేయిస్తామన్నారు. ఆ మాట బిల్లు మీద రాయించుకున్నాను. పని జరిగేటప్పుడు పక్కన ఉంటానని కూడా అడిగాను.

రిపేరు చేసే పెద్దాయన పెరంబూరులో ఉంటారు. మద్రాసు తెలుగు. "తీగలు వదులు చేసే తెచ్చావా బాబూ? మంచి పని చేశావు" అన్నారు.

బ్రిడ్జిని నెమ్మదిగా వేడి చేసి, పలచటి కత్తిని వెనక అంచు నుంచి కొద్దికొద్దిగా తోస్తూ వెళ్లారు. తొందరపడితే పైచెక్క (స్ప్రూస్ కలప) పీచు లేస్తుందట. పావుగంటకి బ్రిడ్జి చేతిలోకి వచ్చింది. కింద చూస్తే మధ్యలో రెండు వేళ్ల వెడల్పు తప్ప అంతా తళతళా మెరుస్తోంది. "చూడు, జిగురు చెక్కని పట్టుకోలేదు, వార్నిష్‌ని పట్టుకుంది" అన్నారు. ఫ్యాక్టరీలో బ్రిడ్జి కింద వార్నిష్ పూర్తిగా గీకకుండానే అంటించేశారు. అయిదు వారాలు ఆగడమే గొప్ప అనిపించింది. ఉక్కదీ కాదు, నాదీ కాదు తప్పు.

ఆయన బ్రిడ్జి అంచు వెంట సన్నగా గీత గీసి, ఆ గీత లోపల వార్నిష్ అంతా ఉలితో గీకారు. పైచెక్కకి కొంచెం వంపు ఉంటుంది, బ్రిడ్జి అడుగు దానికి సరిగ్గా కూర్చునేదాకా ఉప్పుకాగితంతో రుద్దారు. జిగురు లేకుండానే రెండుసార్లు బిగించి చూసుకున్నారు. ఎక్కువ సమయం పట్టింది దీనికే. జిగురు రాయడం రెండు నిమిషాల పని. సౌండ్‌హోల్ లోంచి మూడు క్లాంపులు వేసి, బయటికి పొంగిన జిగురుని తడిగుడ్డతో తుడిచారు. "రేపు క్లాంపులు తీస్తా, తీగలు మాత్రం ఎల్లుండే" అన్నారు.

ఇప్పుడు లావు తీగ ఎత్తు రెండున్నర. ఆయన చెప్పినట్టే 11 గేజ్ తీగలు వేశాను, లాగుడు తగ్గుతుంది. వాయించనప్పుడు కేసులోనే ఉంచుతున్నాను, అందులో చిన్న తేమ మీటరు పెట్టాను. అది 60 శాతం దాటితే సిలికా జెల్ పొట్లాలు మారుస్తాను.

ప్రతి ఆదివారం బ్రిడ్జి వెనక కాగితం పెట్టి చూడటం అలవాటైంది. నిన్న కూడా చూశాను. కాగితం మడత పడింది గానీ లోపలికి వెళ్లలేదు.