మీటరు దగ్గర ఒక ఆదివారం

పోయిన నెల కరెంటు బిల్లు చూడగానే గుండె గుభేల్‌మంది. 312 యూనిట్లు! విజయనగరంలో మా ఇంట్లో ఉండేది ముగ్గురమే, ఏసీ కూడా లేదు. మీటరే తప్పు తిరుగుతోందని నాన్నతో గట్టిగా వాదించాను. సరే, చూద్దాం పద అని ఆదివారం పొద్దున ఇంట్లో అన్నీ ఆపేసి, ఒక్కొక్కటే వేయిస్తూ మీటరు దగ్గర నిలబెట్టారు.

మీటరు తప్పేమీ లేదు. అసలు భారం గీజర్‌ది. 2000 వాట్లది, అరగంట వేడెక్కితే ఒక యూనిట్. అమ్మ తెల్లారకముందే వేసి అందరి స్నానాలూ అయ్యేదాకా వదిలేసేది, తనంతట తనే ఆగిపోతుంది కదా అని మేమూ పట్టించుకోలేదు, కానీ నీళ్లు కాస్త చల్లారితే చాలు మళ్లీ మొదలవుతుంది. ఇప్పుడు స్నానాలన్నీ వెంటవెంటనే కానిచ్చి స్విచ్ ఆపేస్తున్నాం.

ఫ్రిజ్ తలుపు రబ్బరు కూడా వదులైపోయింది. మధ్యలో కాగితం పెట్టి తలుపు వేసి లాగితే ఊరికే వచ్చేసింది. మార్పించాం.

పాత ఫ్యాన్లు 75 వాట్లవి, రెండు తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీవి, అంటే తక్కువ కరెంటుతో తిరిగే మోటారువి, పెట్టించాం. రోజుకు 12 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్‌కు నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. యూనిట్లు పెరిగేకొద్దీ స్లాబు రేటూ పెరుగుతుంది కాబట్టి తగ్గేవి పైనున్న ఖరీదైన యూనిట్లే, నాకు బాగా నచ్చింది ఇదే.

ఈ నెల 231 వచ్చింది. అమ్మ ఆ బిల్లును క్యాలెండర్ మేకుకు గుచ్చి పెట్టింది.