డ్రైవర్లను అడిగి వేసిన ఓటు

కువైట్‌లో దివానియా అంటే ఇంటిని ఆనుకుని మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునే పెద్ద హాలు. మా కఫీల్, అంటే నన్ను పనికి పెట్టుకున్న యజమాని, ఇంట్లోనూ ఒకటుంది. 2024 ఏప్రిల్ 4న అక్కడ పార్లమెంటు ఎన్నికలు. అది రంజాన్ నెల కాబట్టి, రాత్రి నమాజులు అయ్యాక అభ్యర్థులు దివానియాలు తిరిగేవాళ్లు. నేను వాళ్ల కార్లకు చోటు చూపించి, లోపలికి ఖర్జూరాలు, గహ్వా అనే అరబ్బీ కాఫీ అందించేవాణ్ని. ఆ దేశంలో ఉండేవాళ్లలో మూడింట రెండు వంతులు మాలాంటి పరాయివాళ్లమే. మాకు ఓటు లేదు. లోపలి మాటలు సగమే అర్థమయ్యేవి. బయట మాటలు మాత్రం పూర్తిగా అర్థమయ్యేవి, ఎందుకంటే బయట ఉండేది డ్రైవర్లం.

ఒక అభ్యర్థి డ్రైవరు రాయచోటి వైపు అబ్బాయి. యజమానిని అక్కడ మేం బాబా అంటాం. "మా బాబా బండి దిగేటప్పుడు తాళం తీసుకునిపోతాడన్నా. ఎండాకాలమైనా అంతే. ఏసీ వేసుకుంటే పెట్రోలు పోతుందని" అన్నాడు. అక్కడ ఎండ యాభై డిగ్రీలు తాకుతుంది. ఆ బాబా లోపల కూర్చుని ప్రజల హక్కుల గురించి మాట్లాడుతున్నాడు. ఆ మాట నాకు అప్పటికే అర్థమవుతుంది.

అభివృద్ధి ఎలా ఉంటుందో నాకు ఎవరూ చూపించనక్కర్లేదు. సముద్రం మీద 36 కిలోమీటర్ల షేక్ జాబర్ వంతెన 2019లో తెరిచారు. దాని మీద ఎన్నిసార్లు బండి నడిపానో లెక్కలేదు. చాలా బాగుంటుంది. వెనక సీట్లో పదేళ్ల పిల్లాడు చెప్పు కాలితో నా సీటును తంతూ ఉంటాడు, వంతెన మొదలు నుంచి చివరి దాకా. తొమ్మిదేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ నన్ను పేరు పెట్టి పిలవలేదు. అందరికీ నేను రఫీక్‌నే, మాలాంటి పనివాళ్లందరినీ పిలిచే మాట అది. ఇళ్లలో పనిచేసేవాళ్ల పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని 2015లో అక్కడ చట్టం చేశారు. నాది మాత్రం దిగిన మొదటి వారం నుంచి బాబా బీరువాలోనే ఉంది.

మే 13న మా ఆంధ్రలో కూడా ఎన్నికలు. ఆ పాస్‌పోర్టు గొడవ నా ఓటుతో కూడా ముడిపడింది. బయటి దేశంలో ఉండేవాళ్లు ఫారం 6ఏ పెట్టుకుంటే సొంత ఊళ్లో ఓటు ఇస్తారు. కానీ పోస్టులో వేయడానికి లేదు, మనిషి రావాలి. బూత్‌లో చూపించాల్సింది ఒరిజినల్ పాస్‌పోర్టు. ఫారం నింపడానికి వివరాలు కావాలని అడిగితే, "ఓటు నీకెందుకు?" అని బాబా నవ్వాడు. ఫొటో మాత్రం తీసుకోనిచ్చాడు.

సెలవు దొరికి మే మొదటి వారంలో చెన్నైలో దిగి, బస్సులో చిత్తూరు చేరాను. మామిడికాయల కాలం. ఇంటికి వెళ్లేసరికి అమ్మ లేదు, బ్యాంకు దగ్గరుందన్నారు. వలంటీర్లను పింఛన్ల పనికి దూరంగా ఉంచమని ఎన్నికల సంఘం చెప్పాక, ఆ నెల డబ్బులు ఖాతాల్లో వేశారు. ఇంటికొచ్చే మూడు వేల కోసం ముసలివాళ్లంతా ఎండలో వరుస కట్టి నిలబడ్డారు. పాపం నీదంటే నీదని రెండు పార్టీలూ మైకుల్లో తిట్టుకుంటున్నాయి. నీడకు ఒక షామియానా మాత్రం ఎవరూ వేయించలేదు.

మా మండలంలో రెండు వైపులా ఊళ్లను నడిపే పెద్దమనుషులు ఇద్దరున్నారు. మా ఓట్లు అడిగేది వాళ్లే, రేపు పనికి వెళ్లి నిలబడాల్సింది కూడా వాళ్ల గుమ్మం ముందే. ఒకాయన హంద్రీ-నీవా నీళ్లు, ఫ్యాక్టరీ, నాలుగు లైన్ల రోడ్డు అన్నాడు. "మన పిల్లోళ్లు కువైట్‌కి పోయే పని ఉండదు" అని నా భుజం మీద చెయ్యేసి మరీ చెప్పాడు. ఇంకొకాయన పెద్ద మాటకారి కాదు. పనులు చేయిస్తాడన్న పేరు కూడా లేదు.

నేను మేనిఫెస్టోలు చదవలేదు. టీ అంగడి దగ్గర వాళ్ల డ్రైవర్లను పట్టుకున్నాను. మనిషి ఎలాంటివాడో డ్రైవరుకు తెలిసినంత పెళ్లానికి కూడా తెలియదని నా నమ్మకం. అన్నం ఎక్కడ తింటావు, ఏమని పిలుస్తాడు, రాత్రి ఎక్కడ పడుకుంటావు అని అడిగాను. మొదటాయన డ్రైవరు చాలాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. టైరు పంక్చరై ఆలస్యమైందని ఒకసారి జనం ముందే చెంప మీద కొట్టాడట. రెండో అతనికి జీతం రెండు నెలలు బాకీ. కానీ ఎక్కడికి పోయినా అదే వరుసలో ఆకు వేయించి భోజనం పెట్టిస్తాడని చెప్పాడు. "మా నాయన పోయినప్పుడు మా వాడకొచ్చి పాడె పట్టినాడన్నా. అప్పుడు ఎలక్షన్ కూడా లేదు" అన్నాడు.

రాత్రి అమ్మతో అన్నాను. అమ్మ వక్కాకు నములుతూ, "డ్రైవరుకు అన్నం పెడితే మన బోరులో నీళ్లొస్తాయా నాయినా?" అంది. దానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. నీళ్లు వచ్చినా, వాటి కోసం మళ్లీ అదే గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడాలి కదమ్మా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఇంటికి రెండు కవర్లు వస్తే రెండూ తీసుకుంది. దాని గురించి నేనేం మాట్లాడను. నేను డబ్బు పంపలేకపోయిన నెలలు ఎలా గడిచాయో ఆమెకే తెలుసు.

మే 10 రాత్రి ఫోన్‌లో వార్త వచ్చింది. కువైట్ అమీర్ పార్లమెంటును రద్దు చేశాడని. నేను గహ్వా మోసిన ఎన్నిక సరిగ్గా నెల మీద ఆరు రోజులు నిలిచింది.

13న పోలింగ్. మా ఊరి బడిలో బూత్. విదేశీ ఓటర్ల పేర్లు జాబితాలో చిట్టచివర ఉంటాయి. అక్కడి దాకా కాగితాలు తిప్పడానికి టైం పట్టింది. వెనక ఎవరో "కువైట్ దొర వచ్చినాడు" అని నవ్వారు. ఆఫీసరు పాస్‌పోర్టు తెరిచి, ముఖం చూసి, ఏజెంట్లకు వినపడేలా నా పేరు ఇంటిపేరుతో సహా గట్టిగా చదివాడు. ఒక్క క్షణం ఎవర్ని పిలుస్తున్నాడా అనిపించింది.

ఓటు వేసి, పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాను. నెలాఖరున తిరిగి వెళ్లినప్పుడు, కువైట్ ఎయిర్‌పోర్టు బయట బాబా కొడుకు బండి అద్దం దించి చెయ్యి చాపాడు. ఇచ్చేశాను.