మర్యాద తెలిసిన దెయ్యాలు

దెయ్యమన్నాక మర్యాదగా మాట్లాడాలి. అరుస్తూ మీద పడేవాటితో నాకు పని లేదు. తలుపు తట్టి, కుశలం అడిగి, ఆ తర్వాత తాపీగా ప్రాణం తీస్తానంటే మాత్రం ఆ నవల తెల్లవార్లూ చదువుతాను. చీకటీ చిలిపితనమూ కలగలిసిన ఫాంటసీల మీద నాకున్న ఈ పిచ్చిని ఆఫీసులో అందరూ ఇంగ్లీషు చదువుల ఖాతాలో వేస్తారు. కాదు, ఇది చందమామ పెట్టిన అలవాటు.

బేతాళుణ్ణే చూడండి. శ్మశానం, అర్ధరాత్రి, భుజాన శవం. ఆ శవంలో దూరినవాడు మోసే రాజుకు శ్రమ తెలియకుండా కథ చెబుతానంటాడు. ఎంత దయ! కథ చివర ప్రశ్న ఉంటుంది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనభంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. భయానికి ఒక నియమం, ఆ నియమంలో ఒక కొంటెతనం. 1954లో ‘తోకచుక్క’ మొదలుకొని దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికలను, చిత్రకారుడు ‘చిత్ర’ వేసిన బొమ్మలతో సహా, తెనాలిలో అమ్మమ్మ బైండు చేయించి దాచిన సంపుటాల్లో చదివాను. ఆ రుచి మరిగాక, ఒకప్పుడు వారపత్రికలను ఏలిన చేతబడి నవలలు నాకు ఎక్కలేదు. వాటిలో నిమ్మకాయలు, సూదులు గుచ్చిన బొమ్మలు అన్నీ ఉంటాయి, నవ్వు తప్ప.

నా పుస్తకం అట్ట మీది పుర్రెను చూసి మా అత్తయ్య ఒకసారి, “పడుకునే ముందు ఇదేం చదువమ్మా?” అన్నారు. కథ చెప్పాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విని, “ఓస్, ఇంతేనా” అని బాలనాగమ్మ కథ ఎత్తుకున్నారు. ఉయ్యాలలో పసిబిడ్డ ఉండగానే తల్లిని కుక్కను చేసి తీసుకుపోయే మాయల ఫకీరు, చిలకలో దాచుకున్న వాడి ప్రాణం! నా పుర్రె వెలవెలబోయింది.

ఈ మధ్య నన్ను బాగా పట్టుకున్నది సుజానా క్లార్క్ నవల ‘పిరనేసి’. 2020లో వచ్చింది, మరుసటి ఏడు బ్రిటన్‌లో విమెన్స్ ప్రైజ్ గెలుచుకుంది. అంతులేని ఒక భవనం, గదినిండా పాలరాతి విగ్రహాలు. కింది అంతస్తుల్లో సముద్రం, పై అంతస్తుల్లో మబ్బులు. అందులో ఉండే మనిషి ఆటుపోట్లు ఎప్పుడు వస్తాయో లెక్కగట్టి రాసుకుంటాడు. అక్కడున్న పదమూడు మంది అస్థిపంజరాలకు తిండీ నీళ్లూ కలువపూలూ తీసుకెళ్లి పెడతాడు. చనిపోయినవాళ్లను ఇంత ఆప్యాయంగా పలకరించే పాత్రను నేనింకెక్కడా చూడలేదు. వాళ్లెలా చనిపోయారన్నది మెల్లగా తెలుస్తుంటే వెన్ను జలదరిస్తుంది, అతనికి మాత్రం చాలాకాలం ఏ అనుమానమూ రాదు.

నేనిది చదివింది 2024 సెప్టెంబరు వరదలు తగ్గాక. బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగింది. అటు ప్రకాశం బ్యారేజీ నుంచి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు. మా పిన్నివాళ్లు డాబా మీద కూర్చుని, మెట్ల మీద నీరు ఏ మెట్టుకొచ్చిందో సుద్దతో గీతలు గీసుకున్నారు. కిందంతా నీరు, పైన మబ్బు. పిరనేసి లెక్కల పుస్తకం నాకు అందుకే వింతగా తోచలేదు. నిజానికి ఆ పుటలనే ఎక్కువసార్లు తిరగేశాను. ఇలాంటి నవలలు లోకం నుంచి పారిపోయేవాళ్లకని ఎవరైనా అంటే నాకు వాదించే ఓపిక కూడా ఉండదు.

కొత్తవి కొనడం నా జీతానికి భారమే. లెనిన్ సెంటర్ పాతపుస్తకాల దుకాణాల్లో పోటీపరీక్షల గైడ్ల అడుగున వెతుక్కోవాలి, ధూళికి తుమ్ముకోవాలి. 1946లో వచ్చిన మెర్విన్ పీక్ నవల ‘టైటస్ గ్రోన్’ నాకలాగే దొరికింది. మహా కోట, ఏ పూట ఏ తంతు జరపాలో చెప్పే పాత గ్రంథాలు, వాటికి బందీ అయిన ప్రభువు. నడక నెమ్మది. గదుల వర్ణనలో కథ కాసేపు కూలబడుతుంది కూడా. రోజుకింత చొప్పున అత్తయ్యకు తెలుగులో చెబుతున్నాను. కోట వంటవాడు స్వెల్టర్ రాత్రివేళ కత్తి నూరుకుంటున్నాడని చెప్పినప్పుడు ఆవిడ భయపడలేదు, కోప్పడ్డారు.

“అంత కోటకు ఇంకో వంటమనిషే దొరకలేదా? వాడి చేతి కూడు ఎలా తింటున్నారమ్మా?”

జవాబు నాకూ తెలియలేదు. ఇంకా సగం పుస్తకం ఉంది.