వాన నోటుబుక్కు

"ఇది మీ దగ్గరే పెట్టుకోండి మేడమ్" అని పోతా పోతా ఏడో తరగతి పాప నా చేతిలో నోటుబుక్కు పెట్టింది. అట్ట మీద పులిహోర నూనె మరక.

జూన్‌లో నేనే చెప్పినా. కూల్‌డ్రింక్ బాటిల్ కోసి, అడుగున గులకరాళ్లు వేసి, సున్నా గీత దాకా నీళ్లు పోసి, స్కేలు అంటించి, రోజూ పొద్దున 8:30కి వాన కొలవండి అని.

"అనంతపురంలో వాన కొలిచేదేంది మేడమ్!" అని ఒకటే నవ్వు. నిజమే. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే సగం ఖాళీ అయిపోతాయి. మనకు ఏడాదంతా కలిపి సుమారు 550 మిల్లీమీటర్లు.

జూలై పేజీల నిండా సున్నాలే. ఆ సున్నాలు కూడా ఒక్కరోజు మానకుండా రాసినారు!

సెప్టెంబరులో ఒకచోట 41. పక్కనే వేరే చేతిరాత: "కాదు, 38. వంగి చూడు." జూన్‌లో ఆ పాప పక్కన కూర్చోమంటే మొహం మాడ్చుకున్న పిల్లోడిదే ఆ రాత.

నిన్న యానివర్సరీలో ర్యాంకులకు కప్పులిచ్చినాం, గేటుకు ఫ్లెక్సీ కట్టినాం. ఈ బుక్కు ఊసే ఎవరికీ గుర్తు రాలేదు, నాతో సహా.

చివరి పేజీలో ఇట్లా ఉంది: "సెలవుల్లో బాటిల్ వాచ్‌మన్ అన్న చూస్తాడు. స్కేలు ఎట్లా చదవాలో నేర్పించినాం."