ఉమ్మెత్త మొక్క, పెళ్లికూతురు, ఒక కిడ్నాప్

పొద్దున్నుంచి ఒకటే ముసురు. శ్రావణంలో ఇది మామూలే కానీ, రాత్రి తొమ్మిదీ నలభైకి పెళ్లి ముహూర్తం పెట్టుకున్నవాళ్ల ఇంట్లో ఎంత టెన్షన్‌గా ఉండి ఉంటుందో అనుకుంటూనే పప్పుచారు పెట్టాను. పెళ్లి అత్తయ్య మేనకోడలి కూతురిది. వెళ్లక తప్పదు. నా జాకెట్టు టైలర్ దగ్గర నుంచి ఇంకా రాలేదు, అమ్మాయి పట్టులంగాకి ఇస్త్రీ లేదు, ఆయన భోంచేసి పడుకున్నారు.

అమ్మాయి మాత్రం రెండింటికల్లా టీవీ ముందు చేరింది. ఈ మధ్య తనకి పట్టిన పిచ్చి ఒక జపాన్ యానిమే, అంటే బొమ్మల సీరియల్, పేరు ‘ది అపోథెకరీ డైరీస్’. మొదటి రెండు సీజన్ల నలభై ఎనిమిది ఎపిసోడ్లూ ఎప్పుడో చూసేసి, ఇప్పుడు నాకూ వాళ్ల నానమ్మకూ దగ్గరుండి చూపిస్తోంది. అత్తయ్యకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ అందవు కాబట్టి పక్కన కూర్చుని తెలుగులో చెబుతుంది. అసలు జపనీస్ పేరుకి అర్థం ‘మందుల కొట్టు పిల్ల తనలో తను మాట్లాడుకోవడం’ అట. నాకు ఆ పేరే నచ్చింది. నేనూ ఈ నోట్‌బుక్కులో చేసేది అదేగా!

కథ ‘లీ’ అనే రాజ్యంలో జరుగుతుంది. అలాంటి దేశం లేదు కానీ, కోటలూ బట్టలూ చూస్తే పాతకాలపు చైనా గుర్తుకొస్తుంది. మావోమావో అనే పిల్ల వేశ్యావాడలో మందులు చేస్తూ పెరిగింది. మూలికలు ఏరుకోవడానికి వెళ్తే ఎవరో ఎత్తుకెళ్లి, చక్రవర్తి అంతఃపురానికి పనిమనిషిగా అమ్మేస్తారు. ఒప్పందం రెండేళ్లు. జీతంలో కొంత ఎత్తుకెళ్లినవాళ్లకే పోతుంది. అందుకని ఆ పిల్ల తనకు చదవడం, రాయడం వచ్చని ఎవరికీ చెప్పదు. చెబితే జీతం పెరుగుతుంది, జీతం పెరిగితే వాళ్ల వాటా కూడా పెరుగుతుంది. కిడ్నాప్ అయినా ఏడవకుండా లెక్క కట్టుకునే పిల్లను నేను కథల్లో ఎక్కువ చూడలేదు.

అది విని అత్తయ్య అన్న మాట: “మన మంగ కూడా అలాగే కదే వెళ్లింది.” మంగ మా ఇంట్లో ఆరేళ్లు పని చేసి గల్ఫ్ వెళ్లింది. మొదటి సంవత్సరం జీతమంతా ఏజెంటు అప్పుకే పోయిందని ఫోన్లో చెప్పింది. తనను ఎవరూ ఎత్తుకెళ్లలేదు, తనే వెళ్లింది. అయినా అత్తయ్య మాట కాదనలేకపోయాను.

ఇవాళ చూసింది రెండో కిడ్నాప్. 2025లో వచ్చిన రెండో సీజన్లోది. సుయిరెయ్ అని ఒక మనిషి ఉంటుంది. మొదటి సీజన్లోనే చచ్చిపోయిందని అందరూ అనుకున్నారు. చావులా కనిపించే మందు తాగి, శవపేటికలోంచి మాయమైపోయింది. ఇప్పుడు నపుంసకుడి వేషంలో అంతఃపురంలోనే తిరుగుతోంది. మావోమావో స్నేహితురాలు షిసుయిని అడ్డం పెట్టుకుని బెదిరిస్తుంది. నాతో వస్తే ఆ మందు రహస్యం చెబుతానని ఆశ కూడా పెడుతుంది. మన పిల్ల బెదిరింపుకి లొంగిందా, ఆశకి లొంగిందా అంటే, ఆశకేనని నా అనుమానం. విషం పేరు చెబితే చాలు, ఆ పిల్ల కళ్లు జాతరలో జీళ్లు చూసిన చిన్నపిల్ల కళ్లలా అయిపోతాయి.

ఆ మందులో ఉమ్మెత్త ఉంటుంది. ఇక్కడ అమ్మాయి టీవీ ఆపి మరీ చెప్పింది. జపాన్‌లో హనావోకా సెయ్‌షూ అనే వైద్యుడు 1804లో ఉమ్మెత్త, వత్సనాభి అనే విషపు దుంప కలిపిన మందుతో ఒకావిడకు మత్తిచ్చి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేశాడట. ఆ మందు పాళ్లు కుదిరేదాకా వాళ్లమ్మ, భార్య తమమీదే ప్రయోగం చేయించుకున్నారట. భార్యకి చూపు పోయింది. అత్తయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “మన పెరట్లో గోడవారన ఉన్నది పీకించెయ్” అంది. “వచ్చే నెల చవితికి పత్రి కావాలి కదండీ, ‘దుత్తూర పత్రం పూజయామి’ అన్నప్పుడు ఏం వేస్తాం?” అన్నాను. “చవితి అయ్యాకే పీకించు.” మా అమ్మమ్మ వాపులకి ఉమ్మెత్తాకు వేడి చేసి కట్టేది, వెంటనే మా చేతులు మూడుసార్లు కడిగించేది. కాయ ముట్టుకుంటే మాత్రం వీపు పగిలేది.

సరే, అసలు సంగతి షిసుయిది. అంతఃపురంలో పురుగులు పట్టుకుంటూ, మిడతల వెనక పరిగెత్తుతూ, ఎప్పుడూ నవ్వుతూ ఉండే పనిపిల్ల. మావోమావో, షియావోలాన్ అనే ఇంకో పిల్ల, ఈమె కలిసి కబుర్లు చెప్పుకుంటూ ఉంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. షియావోలాన్‌ని అమ్మానాన్నే అమ్మేశారు, చదువు రాదు, ఇక్కడే అక్షరాలు దిద్దుకుంటుంది. వీళ్ల ముగ్గురి మధ్య కూర్చున్న షిసుయిని చూసి అత్తయ్య కిందటి వారమే తేల్చేసింది.

“ఆ నవ్వే పిల్ల పనిమనిషి కాదు.”

అమ్మాయి అదిరిపడింది. “నానమ్మా, నీకెవరు చెప్పారు?”

“ఎవరు చెప్పాలే? పనిమనిషికి పగలంతా పురుగులు పట్టుకునే తీరిక ఎక్కడిది? ఆ మిగతా పిల్లల చేతులు చూడు, ఎప్పుడూ బుట్టో బట్టలో ఉంటాయి. దీని చేతులు ఖాళీ.”

ఇవాళ నాలుగు ఎపిసోడ్లు వరసగా చూస్తే అదే నిజమని తేలింది. షిసుయి చక్రవర్తి నలుగురు పెద్ద రాణుల్లో ఒకరైన లౌలాన్. తండ్రి షిషో పెద్ద మంత్రి, కుట్రంతా ఆ ఇంట్లోదే. లౌలాన్ అంతవరకూ తెరమీద కనబడుతూనే ఉంది, ఎవరమూ గుర్తుపట్టలేదు. రోజుకో దేశపు బట్టలు, రోజుకో రకం రంగులు మొహానికి. చక్రవర్తికే ఆమె అసలు మొహం ఎలా ఉంటుందో తెలియదు. పైగా తనలాగే తయారైన చెలికత్తెలు చుట్టూ ఉంటారు. రాణిగారి గదిలో రాణి ఉన్నట్టే ఉంటుంది, రాణి మాత్రం పెరట్లో మిడతలు పడుతూ ఉంటుంది.

మావోమావో కూడా అంతే, మొదట్నుంచీ మొహంమీద మట్టిరంగు మచ్చలు పెట్టుకుని తిరుగుతుంది. వేశ్యావాడలో అందంగా కనిపిస్తే ప్రమాదం కదా. ఒకతి మచ్చలు పెట్టుకుని దాక్కుంది, ఇంకొకతి మచ్చే కనబడకుండా పూసుకుని దాక్కుంది. అంత తెలివైన మావోమావో మోసపోయింది, ఇంటర్ చదివే నా కూతురు మొదటిసారి మోసపోయిందట, నేనూ మోసపోయాను. ముప్పై ఏళ్లు పనిమనుషుల్నీ పాలేర్లనూ అజమాయిషీ చేసిన మా అత్తయ్య మాత్రం మోసపోలేదు.

“ఇన్ని కుట్రలు నిజంగా ఉంటాయా, లేక మన సీరియళ్లలాంటివేనా?” అని అత్తయ్యే అడిగింది. నిజంగానే ఉన్నాయంది అమ్మాయి. 1542లో చైనాలో జియాజింగ్ అనే మింగ్ చక్రవర్తి పెట్టే బాధలు పడలేక, పరిచారికలు కొందరు కలిసి అతను నిద్రపోతుండగా మెడకి తాడు బిగించారట. ముడి సరిగ్గా వేయడం రాలేదు. భయపడి ఒక పిల్ల వెళ్లి మహారాణికి చెప్పేసింది. చక్రవర్తికి ఇంకా నోట మాట రాకముందే, మహారాణి ఆ పిల్లలతోపాటు తనకి పోటీగా ఉన్న ముద్దుల రాణిని కూడా ఆ కేసులో కలిపి చంపించింది. అత్తయ్య ముక్కున వేలేసుకుని, “ముడి వేయడం రాదేంటే” అని మాత్రం అంది.

ఐదున్నరకి జాకెట్టు వచ్చింది. ఆరున్నరకి కారెక్కాం. అమ్మాయి ఫోను వదల్లేదు, నేను ఇంకో ఎపిసోడ్ గురించి అడగడమూ మానలేదు.

మండపంలో మేం వెళ్లేసరికి పెళ్లికూతురు ఇంకా గదిలోనే ఉంది. ఇద్దరు బ్యూటీషియన్లు, ఒక హెయిర్ స్టయిలిస్టు, చీర కట్టడానికి వేరే ఆవిడ. అక్కడ కూర్చుని ఫోన్లో చూస్తుంటే కథ మొదట్లో వచ్చే తెల్ల పొడి సంగతి దొరికింది. మొదటి ఎపిసోడ్లో రాణుల పిల్లలు ఒక్కొక్కరే జబ్బుపడుతుంటారు, అందరూ శాపం అంటారు. అది రాణులు పూసుకునే పొడిలోని సీసమని మావోమావో కనిపెట్టి, గుడ్డపీలిక మీద రాసి కొమ్మకి కట్టి కిటికీ దగ్గర పెడుతుంది. ఒక రాణి నమ్మి పొడి మానేస్తే కూతురు బతికింది. ఇంకో రాణి కొడుకు పోయాడు. పిల్లాడు పోయాక కూడా అదే పొడి వాడుతున్న చెలికత్తెను మావోమావో చెంప ఛెళ్లుమనిపిస్తుంది. జపాన్‌లో ఈ సీసం సంగతి నిజంగా జరిగిందే. 1887లో మెయిజీ చక్రవర్తి ఎదుట నాటకం ఆడుతుంటే నాకమురా ఫుకుసుకే అనే నటుడికి కాళ్లు వణికాయట, ఏళ్ల తరబడి మొహానికి పూసుకున్న సీసం వల్ల.

తలెత్తి చూస్తే అత్తయ్య గది గుమ్మంలో నిలబడి ఉంది. లోపల నలుగురు అమ్మాయిలు ఒకే రకం జడలు, ఒకే రకం కళ్లు, ఒకే రకం బుగ్గలు.

“పెళ్లికూతురేదమ్మా?” అంది అత్తయ్య.

గదంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. ఈ పిల్లకి చిన్నప్పుడు అత్తయ్యే ఒళ్లో కూర్చోబెట్టుకుని గోరుముద్దలు పెట్టింది. మధ్యలో కూర్చున్న అమ్మాయి పకపకా నవ్వింది. పైన విరిగిన పన్ను కనిపించింది, మా ఇంటి మెట్లమీద పడి విరగ్గొట్టుకున్నదే. “హమ్మయ్య, నువ్వేనే!” అంటూ అత్తయ్య బుగ్గ నిమరబోతే బ్యూటీషియన్ చెయ్యి అడ్డం పెట్టింది. అత్తయ్యకు కోపం వచ్చి భోజనాల దగ్గర పనసపొట్టు కూర కూడా వేయించుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి పన్నెండున్నర. వాన వెలిసింది. రేపు సోమవారం, నాకు ఆఫీసు. ఆయన మళ్లీ పడుకున్నారు. నేను నగలు బీరువాలో పెట్టి హాల్లోకి వచ్చేసరికి, అమ్మాయి పట్టులంగాతోనే సోఫాలో కూర్చుని రిమోట్ నొక్కుతోంది. అత్తయ్య పక్కనే ఉంది, కళ్లజోడు కూడా పెట్టుకుంది.

“ఆ పురుగుల పిల్ల బతుకుతుందా లేదా, అదొక్కటీ చెప్పు. నేను పడుకుంటా.”

“చెప్పను నానమ్మా.”

“అయితే పెట్టు.”