అర పాయింటు

బడిలో గడిపిన ఐదేళ్ల జ్ఞాపకాలు రెండు పేజీల్లో రాయమని మన పూర్వ విద్యార్థుల సమావేశ సంచిక కమిటీవారు ఫోను చేశారు. ఆరు నుంచి పదో తరగతి వరకు నాకు గుర్తున్నవి వేపచెట్టు, బడి గంట మాయం కావడం. ఆ గంట దొంగ ఇప్పుడు కమిటీలోనే ఉన్నాడు కాబట్టి ఆ సంగతి వదిలేస్తాను. నా రెండు పేజీలూ డ్రిల్లు మాస్టారికే.

1988లో ఆనంద్ దేశానికి మొదటి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడని పేపర్లో చదివి, మాస్టారు వాలీబాల్ నెట్టు డబ్బుతో చదరంగం బల్లలు తెచ్చారు. ముట్టుకున్న పావును కదపాల్సిందేగా, అందుకని "చేతులు తొడల కింద పెట్టుకోండిరా!" అని మొదలుపెట్టారు. ఆ తర్వాత లెక్కల పరీక్షకు వెళ్తుంటే కూడా అదే మాట.

జిల్లా పోటీల్లో మొదటి రౌండులోనే నాకు కిందటేటి విజేత తగిలాడు. ఇస్త్రీ చొక్కా, సొంత గడియారం. రెండు ముఖాల గడియారాన్ని చూడడం నాకదే మొదలు. ఎత్తు వేశాక మీట నొక్కాలని మూడుసార్లు మరిచాను. ఒక శకటు (ఏటవాలుగా నడిచే బిషప్పు) ఎక్కువ ఉంది కదా అని అతను అన్నీ మార్పిడి చేసుకుంటూ పోయాడు. చివరకు నాకు ఒంటరి రాజు మిగిలాడు. అతనికి రాజు, శకటు, కుడి అంచున ఒక బంటు.

ఓటమి ఒప్పుకుని లేవబోతూ చూశాను. బంటు మంత్రి కావలసిన మూల గడి నలుపు. అతని శకటు తిరిగేది తెల్లగళ్ల మీదే, ఆ మూలలో కూర్చున్న రాజును అది తరమలేదు! "ముందు మూల గడి రంగు చూడరా" అని మాస్టారు నెత్తిన మొట్టి మరీ చెప్పిన పాఠం ఇదే. రాజును ఆ మూలకు తోలి కూర్చోబెట్టాను. అతను అరగంట తంటాలు పడ్డాడు. చివరికి నా రాజుకు షా (రాజు మీద దాడి) లేదు, కదలడానికి గడీ లేదు. డ్రా, చెరో అర పాయింటు. తర్వాతి నాలుగు రౌండ్లూ ఓడిపోయాను, అది వేరే సంగతి.

ఇప్పుడు మా చిన్నమ్మాయి ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) రేటింగు 1800 దాటింది. నాతో ఆడేటప్పుడు తన మంత్రిని ముందే తీసి పక్కన పెడుతుంది, అయినా గెలుస్తుంది. నేను సూపరింటెండింగ్ ఇంజనీరునని ఆఫీసులో అందరూ లేచి నిలబడతారు. ఇంట్లో ఆ బల్ల దగ్గర మాత్రం చేతులు తొడల కిందే.

మరొక్క మాట. మర్నాడు ప్రార్థనలో హెడ్మాస్టరుగారు నేను జిల్లా విజేతను "ఓడించాను" అని ప్రకటించారు. మీరంతా చప్పట్లు కొట్టారు, వెనక బెంచీవాళ్లు పాలఐసు కొనిపెట్టారు. మాస్టారు నా వంక చూసి మీసం దువ్వుకున్నారే గాని నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. పాలఐసు డబ్బులో సగం సమావేశంలో తిరిగి ఇచ్చేస్తాను.