రెండు వజ్రాల నడుమ జిఫ్-8

జింకు అయాన్లను మిథైల్ ఇమిడజోల్ అనే వలయాకారపు సేంద్రియ అణువులతో ముడివేసి అల్లిన జిఫ్-8 స్ఫటికంలో ఖాళీ చాలా ఎక్కువ కనుక, రెండు వజ్రపు మొనల మధ్య నొక్కితే అది కూలిపోతుందనే ఎవరైనా అనుకుంటారు. చుట్టూ ఉన్న ద్రవం రంధ్రాల్లోకి దూరలేనిదైతే జరిగేదీ అదే: సుమారు 0.34 గిగాపాస్కల్ వద్దే, అంటే వాతావరణ పీడనానికి మూడు వేల రెట్లు దాటగానే, క్రమం చెదిరిపోతుంది, పీడనం తీసేసినా తిరిగి రాదు. మిథనాల్, ఇథనాల్ మిశ్రమంలో నొక్కితే మాత్రం ఆ చిన్న అణువులు లోపలికి చేరి గోడలకు ఊతమిస్తాయి, 1.47 గిగాపాస్కల్ దగ్గర ఇమిడజోల్ వలయాలు తలుపు రెక్కల్లా తిరిగి దారులను ఇంకా వెడల్పు చేస్తాయి. నొక్కితే తెరుచుకునే పదార్థమన్నమాట! అందుకే ఏ ద్రవంలో నొక్కారో చెప్పకుండా పీడనం అంకె ఒక్కటే ఇచ్చే ఫలితాన్ని నేను సగం ఫలితంగానే చూస్తాను. ఆ అంకె సాధారణంగా స్ఫటికం పక్కనే ఉంచిన కెంపు రేణువు నుంచి వస్తుంది. లేజరు తాకినప్పుడు అది వెలువరించే ఎర్రటి కాంతి తరంగదైర్ఘ్యం పీడనంతో పాటు పెరుగుతుంది.